డ్రెఫ్యూస్ కేసు: ఒక కాగితాన్ని కాపాడటానికి ఇంకో కాగితం

డ్రెఫ్యూస్ కేసు గురించి చాలామందికి తెలిసిన కథ పొట్టిది. ఫ్రాన్స్‌లో ఒక యూదు అధికారిని దేశద్రోహి అని దూర ద్వీపంలో బంధించారు, నవలా రచయిత ఎమిల్ జోలా పత్రికలో నిలదీశాడు, నిజం బయటపడింది, అతను విడుదలయ్యాడు. ఇందులో ఏ ముక్కా అబద్ధం కాదు. కానీ జోలా రాసింది 1898 జనవరిలో, డ్రెఫ్యూస్ నిర్దోషి అని కోర్టు తేల్చింది 1906 జులైలో. మధ్యలో ఎనిమిదిన్నరేళ్ళు ఏం జరిగినట్టు? పైగా అసలు దోషి ఎవరో గూఢచార విభాగం అధిపతికి 1896 ఆగస్టుకే తెలుసు. తెలిసి కూడా సైన్యం ఎందుకు వెనక్కి తగ్గలేదు?

"యూదు ద్వేషం వల్ల" అన్నది నిజమే కానీ సగం సమాధానం. అతని మీద అనుమానం అంత తేలిగ్గా వాలడానికి, వీధుల్లో జనం ఊగిపోవడానికి ఆ ద్వేషమే కారణం. నిజం తెలిశాక కూడా జనరళ్ళు నోరు విప్పకపోవడానికి మాత్రం దానికి తోడు ఇంకో కారణం ఉంది: మొదటి విచారణలో వాళ్ళే చట్టాన్ని ఉల్లంఘించారు. కేసు తిరగదోడితే బోనెక్కాల్సింది వాళ్ళు. కేసులోని కాగితాలను పుట్టిన వరసలో పట్టుకుంటే ఈ సంగతి దానంతటదే తేలుతుంది.

చెత్తబుట్టలో దొరికిన జాబితా

1870–71 యుద్ధంలో ఫ్రాన్స్ ఓడి, అల్సాస్‌నూ లొరేన్‌లో కొంత భాగాన్నీ జర్మనీకి వదులుకుంది. ఆ తర్వాత పారిస్‌లో జర్మన్ రాయబార కార్యాలయం మీద ఫ్రెంచ్ సైన్యం కన్ను పడని రోజు లేదు. అక్కడ ఊడ్చి తుడిచే మరీ బాస్తియాన్ అనే పనిమనిషి చెత్తబుట్టల్లోని కాగితం ముక్కలను పోగుచేసి ఫ్రెంచ్ గూఢచార విభాగానికి అందించేది. ఆ విభాగం బయటి పేరు "గణాంకాల విభాగం". ముక్కలు అతికించి చదవడం అక్కడ రోజువారీ పని.

1894 సెప్టెంబరు చివర్లో ఆ దారినే వచ్చిందంటూ విభాగంలో ఒక కాగితం తేలింది. సన్నటి గళ్ళున్న, ఉల్లిపొరలాంటి పల్చటి కాగితం. సంతకం లేదు, తేదీ లేదు. జర్మన్ సైనిక ప్రతినిధి ష్వార్ట్స్‌కొపెన్‌కు ఎవరో ఫ్రెంచ్ అధికారి అమ్మజూపుతున్న రహస్యాల జాబితా అది. చరిత్రలో దీని పేరు "బోర్దెరో". ఐదు అంశాలున్నాయి: 120 మిల్లీమీటర్ల ఫిరంగి బ్రేకు, సరిహద్దు రక్షక దళాలు, ఫిరంగి దళాల కూర్పులో మార్పులు, మడగాస్కర్, ఫీల్డ్ ఆర్టిలరీ కొత్త కాల్పుల మాన్యువల్. చివర్లో "విన్యాసాలకు బయల్దేరుతున్నాను" అని ఒక వాక్యం.

తప్పు ఇక్కడే మొదలైంది. ఇన్ని రకాల విషయాలు తెలిసినవాడు సైన్యం ప్రధాన కార్యాలయమైన జనరల్ స్టాఫ్‌లో అన్ని విభాగాలూ తిరుగుతున్న శిక్షణ అధికారి అయ్యుండాలనీ, అందులోనూ ఆర్టిలరీవాడనీ లెక్కేశారు. ఆ లెక్కకు సరిపోయేవాళ్ళు కొద్దిమందే. జాబితాలో ఒక పేరు దగ్గర వేలు ఆగింది: కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రెఫ్యూస్. అల్సాస్‌లోని ముల్హౌస్‌లో బట్టల మిల్లులున్న యూదు కుటుంబం, వయసు 35. చేతిరాత కాస్త కలిసింది. అంతే, వెతకడం ఆపేశారు.

నిజానికి ఆ కాగితమే అతను కాదని చెబుతోంది. ఆ ఏడాది శిక్షణ అధికారులు విన్యాసాలకు వెళ్ళేది లేదని మే నెలలోనే ఉత్తర్వులు వచ్చాయి. ఆ ఫిరంగి బ్రేకు పేరు సైన్యంలో "హైడ్రోన్యుమాటిక్". జాబితా రాసినవాడు "హైడ్రాలిక్" అన్నాడు, ఆర్టిలరీలో చదువుకున్నవాడు చేసే పొరపాటు కాదది.

అక్టోబరు 15న మేజర్ ద్యు పాతీ ద క్లామ్ డ్రెఫ్యూస్‌ను పిలిపించి, బోర్దెరోలోని మాటలున్న ఉత్తరం ఒకటి డిక్టేషన్ చెప్పి రాయించి, అక్కడికక్కడే అరెస్టు చేశాడు. చేతిరాత నిపుణులు ఐదుగురిలో ఇద్దరు, అందులో ఒకరు బాంక్ ఆఫ్ ఫ్రాన్స్ నిపుణుడు గోబెర్, రాత అతనిది కాదన్నారు. అవునన్న ముగ్గురిలో బెర్తియోన్ ఒకడు. నేరస్థుల శరీర కొలతల పద్ధతి కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు గానీ చేతిరాత అతని విద్య కాదు. రాతలో తేడాలున్నాయి కదా అంటే, దొరికితే తప్పించుకోవడానికి డ్రెఫ్యూస్ తన రాతను తానే ఫోర్జరీ చేసుకున్నాడన్నాడు. పోలికలుంటే నేరానికి రుజువు, తేడాలుంటే తెలివికి రుజువు. ఇలాంటి వాదన నుంచి ఏ నిర్దోషీ బయటపడలేడు. అది లెక్కలమయం కూడా కావడంతో, దాన్ని కూలగొట్టడానికి 1904లో ఆన్రీ పొయంకారె సహా ముగ్గురు గణిత శాస్త్రజ్ఞులు నివేదిక రాయాల్సి వచ్చింది.

జడ్జీలు మాత్రమే చూసిన ఫైలు

సాక్ష్యం బలహీనంగా ఉందని యుద్ధ మంత్రి జనరల్ మెర్సియేకు తెలుసు. కానీ అరెస్టు వార్త అప్పటికే పత్రికలకెక్కింది. ద్రుమోన్ నడిపే యూదు వ్యతిరేక పత్రిక 'లా లీబ్ర్ పరోల్' నవంబరు 1న పేరుతో సహా మొదటి పేజీలో వేసింది. ఇప్పుడు వదిలేస్తే యూదుల దగ్గర డబ్బు తిన్నాడంటారు, పదవి పోతుంది.

డిసెంబరు 19 నుంచి 22 వరకు తలుపులు మూసి కోర్టు మార్షల్ జరిగింది. చివరి రోజు ఏడుగురు జడ్జీలు తీర్పు కోసం లోపలి గదికి వెళ్ళాక, వాళ్ళ చేతికి ఒక మూసిన కవరు అందింది. అందులో గూఢచార విభాగం కూర్చిన రహస్య ఫైలు. ముద్దాయికి గానీ లాయరు దెమాంజ్‌కు గానీ అది ఉన్నట్టే తెలియదు. అందులో ప్రధానమైనది, నీస్ పట్టణపు సైనిక పటాలు అమ్మిన "ఆ వెధవ డి." అంటూ విదేశీ సైనిక ప్రతినిధులు రాసుకున్న ఉత్తరం. డి అక్షరంతో పేరున్నవాళ్ళు పారిస్‌లో ఎంతమంది! అయినా ఏడుగురూ ఏకగ్రీవంగా శిక్ష వేశారు. రాజకీయ నేరాలకు మరణశిక్ష 1848లోనే రద్దయింది కాబట్టి యావజ్జీవ ద్వీపాంతరం.

ముద్దాయికి చూపించని సాక్ష్యంతో శిక్ష వేయడం సైనిక చట్టం ప్రకారం కూడా చెల్లదు. ఈ ఒక్క విషయం రుజువైతే తీర్పు కొట్టేయవచ్చు, మెర్సియేను బోనెక్కించవచ్చు. ఆ తర్వాత పుట్టిన ప్రతి దొంగ కాగితం వెనకా ఈ భయం ఉంది.

1895 జనవరి 5న సైనిక పాఠశాల ఆవరణలో అతని బిళ్ళలు పీకి, కత్తి విరిచారు. ఏప్రిల్‌లో ఫ్రెంచ్ గయానా తీరంలోని డెవిల్స్ ఐలాండ్‌కు చేర్చారు. కాపలావాళ్ళు అతనితో మాట్లాడకూడదు. 1896 సెప్టెంబరులో, తప్పించుకున్నాడనే ఉత్తుత్తి పుకారు రావడంతో, రాత్రిళ్ళు కాళ్ళను ఇనప కడియాలతో మంచానికి బిగించారు.

నీలి కార్డు

1895 జులైలో గూఢచార విభాగానికి కొత్త అధిపతిగా పికార్ వచ్చాడు. అతనికీ యూదులంటే ప్రేమేమీ లేదు. 1896 మార్చిలో అదే చెత్తబుట్ట దారిలో చిన్న చిన్న ముక్కలుగా చింపిన ఒక కార్డు వచ్చింది. పారిస్‌లో గాలి ఒత్తిడి గొట్టాల గుండా గంటల్లో ఉత్తరాలు చేరేసే టపా ఉండేది. దానికి వాడే నీలి కార్డు అది. జర్మన్ కార్యాలయం నుంచి పోస్టు కాకుండా ఆగిపోయింది. పైన చిరునామా: మేజర్ ఎస్తెరాజీ, 27 రూ ద లా బియాన్‌ఫెజాన్స్.

ఎస్తెరాజీ పదాతి దళ అధికారి. పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడు. యుద్ధ మంత్రిత్వ శాఖలో ఉద్యోగం కోసం అతను పెట్టుకున్న ఉత్తరాలు ఆగస్టులో పికార్ చేతికొచ్చాయి. వాటిని బోర్దెరో పక్కన పెట్టి చూశాడు. ఒకటే రాత. పేరు, తేదీ కప్పేసి బెర్తియోన్‌కు చూపిస్తే, "ఇది బోర్దెరో రాతే" అన్నాడు. ఈ మధ్యే రాసిందని చెప్పేసరికి, యూదులు ఎవరికో ఆ రాత నేర్పించారని మాట మార్చాడు.

పికార్ పై అధికారులకు చెప్పాడు. ఆ యూదుడు ద్వీపంలో ఉంటే నీకేంటి, నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు అని జనరల్ గోన్స్ అన్నాడని పికార్ తర్వాత సాక్ష్యం చెప్పాడు. మొదట తూర్పు సరిహద్దుకు, తర్వాత ట్యునీషియాకు అతన్ని పంపేశారు.

ఇదే సమయంలో సైన్యం మీద అభిమానంతో 'లెక్లేర్' పత్రిక ఒక పని చేసింది. డ్రెఫ్యూస్ నేరం తిరుగులేనిదని చెప్పాలనుకుని, రహస్య ఫైలులోని ఉత్తరం గురించి సెప్టెంబరు 15న రాసేసింది. పైగా "డి." స్థానంలో పూర్తి పేరు పెట్టింది. దాంతో చట్టవిరుద్ధమైన ఆ ఫైలు సంగతి మొదటిసారి బహిరంగమైంది. మూడు రోజులకే డ్రెఫ్యూస్ భార్య ల్యూసీ పార్లమెంటుకు పిటిషన్ పెట్టింది. కేసు తిరగదోడే దారి మొదట తెరిచింది శత్రువులే.

గళ్ళ రంగు

పికార్ నోరు మూయించడంతో సరిపోదని అతని కింద పనిచేసే మేజర్ ఆన్రీకి అనిపించింది. నేరం రుజువు చేసే కాగితం లేదు, కాబట్టి ఒకటి తయారుచేయాలి. 1896 అక్టోబరు చివర్లో, ఇటలీ సైనిక ప్రతినిధి పానిజార్డి జర్మన్ ప్రతినిధికి రాసిన నిజమైన ఉత్తరాలను తీశాడు. పెన్సిలుతో గళ్ళ కాగితం మీద రాసినవి. ఒకదాని పైభాగంలో ఉన్న పలకరింపు, కింది సంతకం ఉంచి, మధ్యలో వేరే కాగితం మీద తను కల్పించిన నాలుగు ముక్కలు అతికించాడు: ఆ యూదుడితో మనకు సంబంధం ఉందని ఎవరడిగినా లేదనే చెబుదాం అన్న అర్థంలో, డ్రెఫ్యూస్ పేరు పూర్తిగా రాసి. చెత్తబుట్ట నుంచి వచ్చే కాగితాలన్నీ అతుకులతోనే ఉంటాయి గనక ఎవరికీ అనుమానం రాలేదు.

1898 ఆగస్టు 13 రాత్రి కెప్టెన్ క్వీన్యే ఫైలు సరిచూస్తూ ఆ కాగితాన్ని దీపం వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. పై ముక్కల్లో, అడుగు ముక్కల్లో గళ్ళ గీతలు నీలి బూడిద రంగు. మధ్య ముక్కల్లో ఊదా ఎరుపు. అసలైనదేనని పోల్చడానికి ఫైలులో పెట్టిన ఇంకో ఉత్తరంలో ఇదే కలగలుపు, తిరగేసి. రెండు వేర్వేరు కాగితాలను కోసి కలిపారన్నమాట. పగటి వెలుతురులో ఆ తేడా దాదాపు కనిపించదు. క్వీన్యే డ్రెఫ్యూస్ పక్షంవాడు కాదు, ఆ తర్వాత కూడా కాలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు, అంతే.

ఆగస్టు 30న యుద్ధ మంత్రి కవన్యాక్ గట్టిగా ప్రశ్నిస్తే ఆన్రీ ఒప్పుకున్నాడు. మర్నాడు మోన్ వలేరియాన్ కోటలోని గదిలో రేజరుతో గొంతు కోసుకుని చనిపోయి కనిపించాడు. ఎస్తెరాజీ దేశం దాటి ఇంగ్లండ్ పారిపోయాడు.

జోలా వేసిన ఎత్తు

ఇప్పుడు కొన్ని నెలలు వెనక్కి వెళ్ళాలి. ఆ దొంగ కాగితం ఫైలు దాటి బయటికి ఎలా వచ్చిందన్నది జోలా వ్యాసం దగ్గర మొదలవుతుంది.

1897 నవంబరులో డ్రెఫ్యూస్ అన్న మాత్యూ, ఎస్తెరాజీయే దోషి అని బహిరంగంగా ఆరోపించాడు. బోర్దెరో ఫొటో కాపీలను అచ్చు వేయించి అమ్మిస్తే, అందులో ఒకటి చూసిన ఓ బ్యాంకరు తన ఖాతాదారుడి రాత గుర్తుపట్టాడు. సైన్యం ఎస్తెరాజీ మీద కోర్టు మార్షల్ పెట్టక తప్పలేదు. కానీ అది నాటకం. పికార్ సాక్ష్యాన్ని మూసిన తలుపుల వెనక విన్నారు. 1898 జనవరి 11న కొద్ది నిమిషాల చర్చతో నిర్దోషిగా వదిలేశారు. ఒకే నేరానికి ఇక అతన్ని మళ్ళీ విచారించలేరు. సైనిక కోర్టుల దారి పూర్తిగా మూసుకుపోయింది.

రెండు రోజులకే, జనవరి 13న, రాజకీయ నాయకుడు క్లెమాన్సో రాస్తున్న 'లోరోర్' పత్రిక మొదటి పేజీలో జోలా బహిరంగ లేఖ వచ్చింది. శీర్షిక "జాక్యూజ్", అంటే నేను నేరం మోపుతున్నాను. సుమారు మూడు లక్షల కాపీలు అచ్చయ్యాయి. దీన్ని ఆవేశంగా చదవడం అలవాటైపోయింది. నా దృష్టిలో అది మొదట ఒక లీగల్ ఎత్తుగడ. 1881 జులై 29 నాటి పత్రికా చట్టం ప్రకారం, ప్రభుత్వాధికారుల మీద పరువునష్టం కేసు పౌర న్యాయస్థానంలో, జ్యూరీ ముందు, బహిరంగంగా నడవాలి. నిందితుడు తన ఆరోపణ నిజమని నిరూపించుకోవచ్చు. అందుకే జోలా జనరళ్ళను పేర్లు పెట్టి ఆరోపించి, చివర్లో ఆ చట్టంలోని 30, 31 సెక్షన్ల కింద తన మీద కేసు పెట్టమని తనే అడిగాడు.

ప్రభుత్వమూ తక్కువ తినలేదు. మొత్తం లేఖలో కొన్ని వాక్యాలే ఏరి, ఎస్తెరాజీని పై నుంచి ఆదేశం వస్తే వదిలేశారన్న ఆరోపణ మీద మాత్రమే కేసు పెట్టింది. 1894 విచారణ జోలికి వెళ్ళబోతే చాలు, జడ్జి "ఆ ప్రశ్న అడగడానికి వీల్లేదు" అనేవాడు. లాయరు లాబోరీ ఎంత గట్టిగా వాదించినా ఫిబ్రవరి 23న జోలాకు ఏడాది జైలు, మూడు వేల ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. అప్పీలులో ఆ తీర్పు పోయింది, రెండో విచారణ జరుగుతుండగా జులైలో అతను లండన్ వెళ్ళిపోయాడు.

లేఖలో తప్పులున్నాయి. ప్రధాన విలన్‌గా ద్యు పాతీని చూపించాడు, నిందితుల జాబితాలో ఆన్రీ పేరే లేదు. అయినా ఎత్తు పారింది, అనుకోని వైపు నుంచి. ఫిబ్రవరి 17న ప్రశ్నల ధాటికి ఓపిక నశించిన జనరల్ పెలియో, మా దగ్గర తిరుగులేని రుజువుందంటూ ఆన్రీ కాగితంలోని మాటలు కోర్టులో చెప్పేశాడు. ఒకసారి బయటికొచ్చాక దాన్ని మళ్ళీ సొరుగులో పెట్టలేరు. జులై 7న కవన్యాక్ దాన్ని పార్లమెంటులో చదివాడు, ఆ ప్రసంగాన్ని దేశంలోని ప్రతి ఊళ్ళో గోడలకు అంటించాలని సభ తీర్మానించింది. అది ఫోర్జరీ అని నిరూపిస్తానని ప్రధానికి బహిరంగంగా ఉత్తరం రాసినందుకు పికార్‌ను జైల్లో వేశారు. గోడల మీదకెక్కిన ఆ రుజువు దొంగదని తేలడానికి ఐదు వారాలు పట్టింది.

బొమ్మలవాళ్ళూ చీలిపోయారు

1898 ఫిబ్రవరి 14న 'ల ఫిగరో'లో కారాన్ దాష్ వేసిన కార్టూన్ ఫ్రాన్స్‌లో ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. పై బొమ్మలో కుటుంబం భోజనానికి కూర్చుంటుంది, డ్రెఫ్యూస్ సంగతి మాత్రం ఎత్తొద్దని పెద్దాయన హెచ్చరిస్తాడు. కింది బొమ్మలో బల్ల తలకిందులు, అందరూ జుట్లు పట్టుకుంటున్నారు. కింద ఒక్క మాట: ఎత్తారు. దీన్ని తటస్థ హాస్యంగా చూపిస్తుంటారు గానీ కారాన్ దాష్ తటస్థుడేమీ కాదు. అదే నెలలో ఫోరాన్‌తో కలిసి 'ప్స్త్' అనే డ్రెఫ్యూస్ వ్యతిరేక కార్టూన్ పత్రిక పెట్టాడు. దానికి జవాబుగా ఇబెల్స్ 'ల సిఫ్లే' తెచ్చాడు.

ఇంప్రెషనిస్టు చిత్రకారుల మధ్య ఇరవై ఏళ్ళ స్నేహాలు దెబ్బతిన్నాయి. కళలో ముందుండేవాళ్ళు రాజకీయాల్లోనూ ముందుంటారనే నమ్మకం ఇక్కడ పనికిరాదు. మోనే జోలాను అభినందించి సంతకాల పత్రంలో చేరాడు. పిస్సారో యూదుడు, అనార్కిస్టు, అతనిది ఎటువైపో చెప్పక్కర్లేదు. మేరీ కసాట్, సిన్యాక్ కూడా అటే. డెగా, రెన్వార్, సెజాన్ ఎదుటి పక్షం. డెగా అయితే చిన్ననాటి నుంచి ఎరిగిన, యూదు మూలాలున్న అలెవీ కుటుంబం గడప తొక్కడం మానేశాడు, పిస్సారో ఎదురైతే ముఖం తిప్పుకున్నాడు.

శిల్పి రోదాన్ ఉదంతం మరీ తమాషా. నవలా రచయిత బాల్జాక్ విగ్రహం పని 1891లో రచయితల సంఘం నుంచి అతనికి ఇప్పించింది జోలాయే. 1898 మేలో సంఘం ఆ విగ్రహాన్ని తిరస్కరించింది. అభిమానులు చందాలేసి కొంటామన్నారు. చందా పేర్లు చూస్తే ఎక్కువమంది డ్రెఫ్యూస్ పక్షంవాళ్ళే. తన బాల్జాక్‌కు ఆ ముద్ర పడుతుందని జంకిన రోదాన్ చందా వద్దని, విగ్రహాన్ని మ్యూదాన్‌లోని తన ఇంటికే తీసుకుపోయాడు.

తీర్పులు మూడు

ఆన్రీ చనిపోయాక కేసు అత్యున్నత న్యాయస్థానానికి వెళ్ళింది. లీగల్‌గా చిక్కొకటి ఉంది: ఆన్రీ ఫోర్జరీ 1896ది, శిక్ష 1894ది. ఆ శిక్షకు అది ఆధారం కాదు. 1899 జూన్ 3న కోర్టు తీర్పు కొట్టేసిందంటే కారణాలు వేరే. రహస్య ఫైలును జడ్జీలకు అందించడం ఒకటి. రెండోది మళ్ళీ కాగితమే: బోర్దెరో రాసిన ఆ పల్చటి గళ్ళ కాగితం మీదే ఎస్తెరాజీ 1892లో, 1894 ఆగస్టులో రాసిన రెండు ఉత్తరాలు దొరికాయి.

నిర్దోషి అనకుండా కేసును రెన్ పట్టణంలో మరో కోర్టు మార్షల్‌కు పంపారు. అక్కడ లాబోరీ మీద కాల్పులు జరిగాయి, ప్రాణం దక్కింది. సెప్టెంబరు 9న జడ్జీలు 5–2 మెజారిటీతో మళ్ళీ దోషి అన్నారు, "ఉపశమన పరిస్థితులు" (శిక్ష తగ్గించదగ్గ కారణాలు) ఉన్నాయంటూ పదేళ్ళకు తగ్గించారు. దేశద్రోహానికి ఉపశమన పరిస్థితులేమిటో ఎవరికీ అర్థం కాలేదు. పారిస్‌లో జరగబోయే 1900 ప్రపంచ ప్రదర్శనను బహిష్కరిస్తామని విదేశాల్లో కేకలు మొదలయ్యాయి. పది రోజుల్లో అధ్యక్షుడు లూబే క్షమాభిక్ష ఇచ్చాడు. 1900 డిసెంబరులో కేసుతో ముడిపడ్డ నేరాలన్నిటికీ సామూహిక క్షమాభిక్ష చట్టం వచ్చింది. దీనితో మెర్సియే గట్టెక్కాడు. డ్రెఫ్యూస్ పక్షం రెండుగా చీలింది కూడా ఇక్కడే: క్షమాభిక్ష తీసుకోవడం నేరం ఒప్పుకున్నట్టేనని క్లెమాన్సో, లాబోరీ, పికార్‌ల వాదన. నాలుగేళ్ళకు పైగా ద్వీపాంతరంలో నలిగినవాడిని ఇంకా జైల్లోనే ఉండి పోరాడమనడం ఏం న్యాయమని అతని కుటుంబం వాదన. నాకైతే రెండోదే సబబనిపిస్తుంది.

1906 జులై 12న అత్యున్నత న్యాయస్థానం రెన్ తీర్పును కూడా కొట్టేసి, ఈసారి మరో కోర్టుకు పంపకుండా తానే ముగించింది. నేర విచారణ స్మృతిలోని 445వ సెక్షన్‌ను వక్రీకరించారని డ్రెఫ్యూస్ వ్యతిరేకులు దశాబ్దాల పాటు అరిచింది దీని గురించే. ఇంకో కోర్టు మార్షల్‌కు పంపివుంటే మూడోసారీ దోషి అనే ప్రమాదం ఉందని జడ్జీలకు తెలుసు.

మర్నాడే పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. పికార్‌కు పదోన్నతి 1903 నుంచి వర్తించేలా బ్రిగేడియర్ జనరల్ హోదా దక్కింది, ఆ అక్టోబరులో క్లెమాన్సో ప్రభుత్వంలో యుద్ధ మంత్రి కూడా అయ్యాడు. డ్రెఫ్యూస్‌కు మేజర్ హోదా ఇచ్చారు గానీ, అది ఆ రోజు నుంచే లెక్క. ద్వీపంలో పోయిన ఏళ్ళు సర్వీసులో కలవలేదు, తనకంటే జూనియర్లు పైన ఉన్నారు. ఆ లెక్క సరిచేయమని అడిగినా ప్రభుత్వం కదల్లేదు. 1907లో అతను పదవీ విరమణ చేశాడు.